అత్తగారు తిరిగివ్వని దిండు

పరుపుల ఫ్యాక్టరీ మూతపడిన రోజున యజమాని చేతులు జోడించి, ఆఖరి నెల జీతానికి డబ్బుల్లేవనీ, గోడౌనులో గుడ్డ మాత్రం ఉందనీ, ఎవరికి దక్కింది వాళ్ళు పట్టుకుపొమ్మనీ చెప్పాడు. మిగిలినవాళ్ళు తిట్టుకుంటూ తలో తాను చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. అందరూ తక్కెడ అని పిలిచే ఆమె మాత్రం తిట్లు ఎప్పుడైనా తిట్టుకోవచ్చు, గుడ్డ మళ్ళీ దొరకదనుకుని గోడౌనంతా ఒక చుట్టు చుట్టింది. తడిసినవి పక్కకి తోసింది. ఎలుక కొట్టినవి వదిలేసింది. నీలం చారల దళసరి గుడ్డ తాన్లు ఏరుకుని, పనిలో పనిగా తను కూర్చుని కుట్టే మిషను కూడా జీతం కిందే జమకట్టమంది.

"మిషను లేకుండా ఈ గుడ్డ నేనేం చేసుకోను? ఒంటికి చుట్టుకోనా?" అంది.

యజమానికి అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. ఇచ్చేశాడు.

తక్కెడ అన్న పేరు ఆమెకి ఆ ఫ్యాక్టరీలోనే పడింది. వంకాయలు కొన్నా, కబురు చెప్పినా, ఎవరిమీదైనా కోపం తెచ్చుకున్నా ఈ చేత్తో ఒకసారీ ఆ చేత్తో ఒకసారీ తూచుకుంటే గాని ముందుకు కదలదు. కోపం వల్ల లాభం లేదని తేలితే దాన్ని అక్కడే దించేసి తన దారిన తను పోతుంది.

తోపుడు బండి మీద తాన్లూ మిషనూ వేయించుకుని ఇల్లు చేరేసరికి అత్తగారు వీధి గుమ్మంలోనే ఉంది.

"ఏంటమ్మాయ్, ఫ్యాక్టరీ మూసేశారన్నావు. మనింట్లో తెరిచారా?"

"దిండ్లు కుడతానత్తయ్యా. ముందు గదిలో."

"ముందు గదా? దాన్ని బీమా ఏజెంటు ఆఫీసుకి అడిగాడు. అద్దె కూడా మాట్లాడేశాను."

ఇల్లు అత్తగారిది. ఆడపిల్లల హాస్టలుకి వార్డెనుగా పనిచేసి, జీతం రాళ్ళు కూడబెట్టి, ఇటుక మీద ఇటుక పేర్చి కట్టుకున్న ఇల్లు. రిటైరై ఏళ్ళయినా వీధిలో అందరికీ ఆవిడ వార్డెనమ్మే. ఇంట్లో కూడా పొద్దున్నే అన్ని గదులూ ఒకసారి తిరిగి చూస్తే గాని కాఫీ ముట్టదు. దుప్పటి ముడత పడితే ఒక మాట, కిటికీ రెక్క వేలాడితే ఒక మాట. పులుసులో ఉప్పు సరిపోయిన రోజున, నిన్న సరిపోలేదని గుర్తుచేస్తుంది. నిద్ర విషయానికొస్తే ఆవిడది కోడి కునుకు. ఉద్యోగమంతా ఒక చెవి తలుపుకి అప్పగించి పడుకున్న మనిషి. ఉద్యోగం వదిలింది గాని చెవి తలుపుని వదల్లేదు. పిల్లి గోడ దిగినా "ఎవరది?" అని లేచి కూర్చుంటుంది.

ముందు గదికి వీధిలోకి తలుపుంది. కొనేవాళ్ళు లోపలికి రావాలంటే అదొక్కటే దారి. ఆ గది పోతే మిషను మెట్ల కింద పెట్టుకోవాలి. అక్కడ మనిషి కూర్చుంటే తల తగులుతుంది, తాను విప్పితే వంటింట్లోకి పోతుంది. గది లేకపోతే వ్యాపారం లేదు, వ్యాపారం లేకపోతే మళ్ళీ ఎవరి దగ్గరో చేరి, మళ్ళీ ఎవరి ఫ్యాక్టరీయో మూతపడేదాకా కుట్టాలి. తక్కెడ ఇదంతా గుమ్మంలో నిలబడే తూచుకుంది.

"ఏజెంటు ఎప్పుడు దిగుతానన్నాడత్తయ్యా?"

"ఇప్పుడుండే చోట మూణ్ణెల్లు గడువుందట."

"అయితే మూణ్ణెల్లూ గది ఊరికే ఉంటుంది. ఊరికే ఉన్న గది నాకివ్వండి. మీకు పోయేదేముంది?"

అత్తగారు కోడలి మొహంలోకీ తాన్ల వైపూ మార్చి మార్చి చూసింది. "సరే. మూణ్ణెల్ల తర్వాత ఆయనిచ్చే అద్దెకి దమ్మిడీ తగ్గకుండా నా చేతిలో పెట్టగలిగితే గది నీది. లేదా, నీ సరుకు మెట్ల కింద సర్దుకో. కోడలివి కదా అని వదిలేస్తాననుకోకు."

"వదిలేస్తారని నేనెప్పుడూ అనుకోలేదత్తయ్యా," అంది తక్కెడ. అది పొగడ్తో కాదో అత్తగారికి అంతు చిక్కలేదు.

*

వ్యాపారం మొదలైంది. మార్కెట్లో దూది బస్తాలు బేరమాడి తెచ్చింది. దూదిని చేత్తో విడదీసి ఏకడం, చారల గుడ్డ కత్తిరించి సంచి కుట్టడం, దూది కూరి మూతి కుట్టెయ్యడం. పని తెలిసిన పనే. ఫ్యాక్టరీలో ఒకరు కత్తిరిస్తే ఇంకొకరు కూరేవారు, మరొకరు తప్పొప్పులు చూసేవారు. ఇక్కడ అన్నీ తనే. దూది జుట్టులోకీ అన్నంలోకీ కాఫీ గ్లాసులోకీ చేరింది. అత్తగారు గ్లాసులోంచి పీచు తీసి, వెలుతురుకి ఎత్తి చూపించి, ఏమీ అనకుండా గోడకి అంటించేది. అనకపోవడమే అనడం.

తప్పొప్పులు చూసే మనిషి లేని లోటు తక్కెడకి తెలియకపోలేదు. దానికి భర్తని పెట్టింది. ఆయన బస్సు డ్రైవరు. తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కి, మధ్యాహ్నానికి ఇల్లు చేరతాడు. భోజనం కాగానే తక్కెడ కొత్త దిండొకటి ఆయన తల కింద పెట్టేది.

"ఎలా ఉంది?"

"అద్భు..." అనేవాడు ఆయన. "తం" అనేలోపు గురక.

ఆయన గురక పెడితే దిండు పాసు. ఇంట్లో మనిషి, జీతం లేదు, రోజూ దొరుకుతాడు. ఇంతకంటే చవకైన ఏర్పాటు ఏ ఫ్యాక్టరీకుంటుంది? మొదటి నెలలో కుట్టినవన్నీ పాసయ్యాయి. ఒక్కటి తప్పలేదు. తక్కెడకి అక్కడే అనుమానం రావలసింది. తప్పే లేని సరుకు మార్కెట్లో ఎక్కడా ఉండదు. ఉందని ఎవరైనా అంటే చూసినవాడి కళ్ళలోనే ఉండాలి తప్పు. కానీ లాభం తల కింద ఉన్నప్పుడు అనుమానానికి చోటెక్కడ?

దిండ్లు అమ్ముడుపోయాయి. వీధి చివర బేకరీ ఆయన కొన్నాడు. పళ్ళ డాక్టరమ్మ కొంది. ఎదురింటి తాతగారు కొన్నాడు. అమ్ముడుపోయినంత చురుగ్గానూ తిరిగొచ్చాయి.

ముందు బేకరీ ఆయన వచ్చాడు, దిండుని చెవి పట్టుకుని పిల్లాణ్ణి బడికి ఈడ్చుకొచ్చినట్టు. "అమ్మా, నేను రోజూ పిండి పిసికేవాణ్ణి. మెత్తనంటే ఏంటో నాకు తెలుసు. రాత్రంతా ఎవడో నా మెడ పిసికాడు."

తర్వాత పళ్ళ డాక్టరమ్మ. "మా వెయిటింగ్ రూము సోఫాలో పెట్టానండీ. పన్ను నొప్పితో వచ్చినవాళ్ళు మెడ నొప్పితో వెళ్తున్నారు. మెడ నేను చూడను కదా!"

ఎదురింటి తాతగారు ఏమీ అనలేదు. ఆయన మెడ ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. అనవలసిందంతా అదే అంది.

తక్కెడ అందరికీ ఒకటే జవాబు చెప్పింది. "సరుకు మీది, మెడ మీది. దిండు నా దగ్గర వదలండి, సరిచేసిస్తాను. అప్పటికీ నచ్చకపోతే మీరిచ్చింది మీకిచ్చేస్తాను." చెప్పడమైతే చెప్పింది గాని దేన్ని సరిచెయ్యాలో తెలియలేదు. భర్తనే అడిగింది.

"బాగుందన్నారు కదండీ?"

"బాగానే ఉంది కదా!" అన్నాడు ఆయన నిజంగా ఆశ్చర్యపోయి.

మర్నాడు ఆయన కళ్ళజోడు మరిచిపోతే ఇచ్చి రావడానికి డిపోకి వెళ్ళింది. బస్సు ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య కాస్త విరామం. షెడ్డులో, నూనె మరకల నేల మీద, ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తల కింద బస్సు టైరు. పక్కన మెకానిక్కులు సుత్తెలతో ఇనుము బాదుతున్నారు. ఆయన మొహంలో పసిపాప నవ్వు. రోజూ మధ్యాహ్నం తను కుట్టిన దిండు మీద చూసి మురిసిపోయిన నవ్వే అది. అంగుళం ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"వదినా, నిన్న స్పానర్ల పెట్టె మీద పడుకున్నాడు," అన్నాడు ఒక మెకానిక్కు. "దాని మీద కూడా ఇంతే."

తక్కెడ కళ్ళజోడు ఆయన జేబులో పెట్టి నడుచుకుంటూ ఇంటికొచ్చింది. దారి పొడుగునా లెక్క సరిచూసుకుంది. ఏమిచ్చినా తీసుకునేవాడు గొప్ప కొనుగోలుదారుడే, కానీ వాడివల్ల కొట్టువాడు నేర్చుకునేదేమీ ఉండదు. వస్తువుని తిరగేసి బోర్లేసి, కొస లాగి, వాసన చూసి, వంద వంకలు పెట్టేవాడే గురువు. అలాంటివాడు దొరకాలంటే ఊళ్ళు తిరగాలి.

ఇంట్లో అడుగు పెట్టేసరికి వంటింట్లోంచి గొంతు వినిపించింది. "చెప్పులు వంకరగా విడిచావమ్మాయ్. చప్పుడుని బట్టి తెలుస్తుంది."

తక్కెడ గుమ్మంలోనే ఆగిపోయింది. ఊళ్ళెందుకు తిరగడం?

*

అత్తగారిని అడిగితే మాత్రం పని జరగదు. గది అద్దెకిద్దామనుకునే మనిషి, ఆ గది నిలబెట్టే పనికి సాయం ఎందుకు పడుతుంది? అడగని బేరం కుదుర్చుకోవాలి. తక్కెడ అత్తగారి పాత దిండు తీసుకెళ్ళి డాబా మీద వేసింది.

"మీ దిండు ఎండలో వేశానత్తయ్యా. ఈ పూటకి ఇది పెట్టుకోండి."

అత్తగారు మధ్యాహ్నం నడుం వాల్చింది. కాసేపటికే లేచి వచ్చింది. దిండు ముందు గదిలో బల్ల మీద పడింది.

"ఎవరు కుట్టారిది?"

"నేనే."

"తెలుస్తూనే ఉంది. మూలలు ఖాళీ. నాలుగు మూలలూ కుక్క చెవుల్లా వేలాడుతున్నాయి. దూదంతా మధ్యలో గుట్ట. తల పెడితే ఇటు జారుతుంది, లేకపోతే అటు జారుతుంది. కొండెక్కి నిద్రపోవడానికి నేనేమన్నా మేకనా?"

నేను అలా కుట్టలేదు, మీ తలే అలా ఉంది అని మరో కోడలైతే అనేది. తక్కెడ అనలేదు. సరుకు బాగాలేదన్నవాడితో వాదిస్తే వాదన గెలవచ్చు, బేరం మాత్రం పోతుంది. "ఊఁ," అని విన్నది. అత్తగారు వెళ్ళగానే మూతి విప్పి, ముందు మూలల్లో దూది దట్టించి, ఆ తర్వాత మధ్యకి వచ్చింది.

మర్నాడు పాత దిండు మళ్ళీ ఎండలోకి వెళ్ళింది. కొత్తది మళ్ళీ బల్ల మీదకి వచ్చింది.

"చప్పుడు."

"దిండుకి చప్పుడేంటత్తయ్యా?"

"పక్కకి తిరిగితే గరగర. చెవి పక్కన ఎవరో కాగితాలు నలుపుతున్నట్టుంది. హాస్టల్లో పిల్లలు లైటార్పాక దొంగతనంగా బిస్కెట్లు తింటే ఇదే చప్పుడు. నేను పడుకోగలనా?"

చారల గుడ్డకి గంజి ఉంది. కొత్త గుడ్డ నిగనిగలాడితే కొనేవాళ్ళకి ఇంపుగా ఉంటుందని ఉతక్కుండానే కుడుతోంది తక్కెడ. కళ్ళకి ఇంపు కొట్లో ఒక్క నిమిషమే. చెవికి ఇబ్బంది రోజూను. ఆ పూటే తాన్లన్నీ ఉతికి డాబా మీద ఆరేసింది. వీధి వీధంతా నీలం చారలే.

ఆ తర్వాత మెడ. "తలకి ఎత్తు ఎక్కువ, మెడకి ఏమీ లేదు. మెడ గాల్లో వేలాడుతోంది, ఉరి తీసినట్టు." ఇది అంత తేలిగ్గా తెగలేదు. దూది పెంచితే తల లేచింది, తగ్గిస్తే మెడ జారింది. రెండు రోజులు ఆలోచించి, తక్కెడ దిండు పొడుగునా ఒక కుట్టు వేసి రెండు అరలు చేసింది. మెడ వైపు అర సన్నం, దూది దట్టం. తల వైపు అర వెడల్పు, దూది పలచన. అత్తగారి మంచం మీద పెట్టి, కిక్కురుమనకుండా వచ్చేసింది.

ఆ సాయంత్రం దిండు బల్ల మీదకి రాలేదు.

"ఎలా ఉందత్తయ్యా?" అని అడిగింది ఉండబట్టలేక.

"దానంత పనికిమాలిన దిండు లేదు. మధ్యలో ఆ కుట్టేంటి, ఆపరేషన్ చేసినట్టు?"

తక్కెడ మనసు చివుక్కుమంది. ఇంతవరకూ ఆవిడ నోటి మాట నమ్మి బాగుపడింది కాబట్టి, ఇదీ నమ్మింది. మధ్యలో కుట్టు లేకుండా కొత్తది ఇంకొకటి చేసింది. అది గంటలో బల్ల మీదకి వచ్చి పడింది. గుండ్రంగా చేసింది. అదీ వచ్చింది. దూది మార్చింది. అది బల్ల దాకా కూడా రాలేదు, గుమ్మంలోంచే ఎగిరొచ్చింది. ఇలా వారాలు కరిగిపోతుంటే, బీమా ఏజెంటు ఒక రోజు టేపు పట్టుకుని వచ్చాడు. దూది గుట్టల మీదుగా కొంగలా అడుగులేస్తూ, తుమ్ముతూ, గది కొలిచాడు.

"ఇక్కడ నా టేబులు. ఇక్కడ క్లయింటు కుర్చీ," అన్నాడు తక్కెడ మిషనుని చూపిస్తూ. "మీకేమీ ఇబ్బంది లేదు కదమ్మా? ఇంతకీ మీకు బీమా ఉందా? ఇంట్లో ఇంత దూది పెట్టుకుని..."

"ఉన్నది గడువండీ," అంది తక్కెడ. "అది కూడా కొంచెమే."

*

మర్నాడు మధ్యాహ్నం బేకరీ ఆయన తన దిండు కోసం వచ్చి తలుపు కొట్టాడు. ఆయన కొట్టడమంటే పిండి బాదినట్టే. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. తక్కెడ మేడ మీద గుడ్డ ఆరేస్తోంది. అత్తయ్య తీస్తుందిలే అనుకుంది. మళ్ళీ బాదాడు. మళ్ళీ. ఏమైందోనని పరుగున కిందికి దిగి, ముందు అత్తగారి గదిలోకి తొంగిచూసింది.

అత్తగారు పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. పిల్లి గోడ దిగితే లేచే మనిషి! తల కింద, ఆపరేషన్ కుట్టు దిండు.

తక్కెడ గుమ్మంలోనే నిలబడి చూసింది. ఆమెకి లెక్క అప్పుడు తెలిసింది. అత్తగారి నోరు ఏ దిండునీ పాసు చెయ్యదు. ఆ నోటికి ఆ అలవాటు లేదు. చేతులు వేరు. పనికిరానివన్నీ ఆ చేతులు బల్ల మీదకి విసిరాయి. ఇంకా ఎక్కువ తిట్లు తిన్న ఈ ఒక్కదాన్ని మాత్రం తిరిగివ్వలేదు. ఇన్నాళ్ళూ తను వినవలసింది చేతుల మాట.

బేకరీ ఆయన దిండూ, తాతగారిదీ, పళ్ళ డాక్టరమ్మదీ ఆ రోజే విప్పి రెండరలుగా కుట్టి ఇచ్చేసింది. నాలుగు రోజులకి బేకరీ ఆయన మళ్ళీ వచ్చాడు, కళ్ళెర్రజేసి.

"ఏంటమ్మా ఇది! ముందేమో నిద్ర పట్టలేదు. ఇప్పుడేమో మెలకువ రావట్లేదు. ఇవాళ పొయ్యి వెలిగించేసరికి ఎండెక్కింది. లాడ్జికి పంపాల్సిన బ్రెడ్డు ఆలస్యమైపోయింది. ఆ లాడ్జి ఆవిడ నన్ను దులిపేసింది. నీ పేరు చెప్పేశాను."

"ఏమని?"

"తప్పు నాది కాదు, దిండుదని."

*

గడువు ఆఖరి రోజున రెండు బండ్లు ఒకేసారి వీధిలోకి వచ్చాయి. ఒకదాని మీద బీమా ఏజెంటు టేబులు, దాని వెనక ఏజెంటు. ఇంకోటి స్కూటరు, దాని మీద లాడ్జి యజమానురాలు. ఆవిడ భారీ మనిషి, మాట అంతకంటే భారీ.

"బేకరీ వాణ్ణి నిద్రపుచ్చిన దిండెక్కడ?" అంది లోపలికి వస్తూనే. "మా లాడ్జిలో గది గదికీ కంప్లైంటే. ఒకడు మెడ పట్టేసిందంటాడు, ఇంకొకడు దిండులో రాయుందంటాడు. అన్నీ మార్పిస్తాను, గదికి రెండు. ముందు నాకొకటి చూపించు."

తక్కెడ మనసులోనే లెక్కేసుకుంది. ఇది కుదిరితే ఏజెంటు అద్దె ఎంత, దాని తాతంత ఇవ్వచ్చు. కొత్త దిండొకటి చేతికిచ్చింది. లాడ్జి ఆవిడ నొక్కింది, మూలలు లాగింది, చెవి దగ్గర పెట్టి నలిపింది.

"చేతికి బాగానే ఉంది. అయినా ఏ దిండైనా కొత్తలో బాగుంటుంది, అల్లుడిలాగా. నెల తర్వాత ఎలా ఉంటుంది? వాడింది ఉందా?"

"ఉంది," అంది తక్కెడ. "ఒక్క నిమిషం."

లోపలికి వెళ్ళింది. అత్తగారు మంచం మీద కూర్చుని, ఏజెంటు వచ్చాడని విని జుట్టు సవరించుకుంటోంది.

"అత్తయ్యా, మీ దిండు ఒకసారివ్వండి."

"ఎందుకు?"

"ఒకరికి చూపించాలి."

"వేరేది చూపించుకో."

"వాడింది కావాలట. అయినా మీకది పనికిరాదన్నారు కదా."

"పనికిరాదు. అయితే?"

"అయితే ఇవ్వండి."

"ఇవ్వను," అంది అత్తగారు, దిండుని ఒళ్ళోకి లాక్కుంటూ. "పనికిరాకపోతే మాత్రం? నాది. ఒకసారి చేయి దాటిన దిండు తిరిగొస్తుందా? వాళ్ళు దాన్ని నొక్కుతారు, పిసుకుతారు, దాని అమరికంతా పోతుంది. ఇన్నాళ్ళకి నా మెడ ఒక దారిన పడితే ఓర్వలేకపోతున్నావా?"

తక్కెడ ఒక కొస పట్టుకుంది. అత్తగారు రెండో కొస వదల్లేదు. "ఒక్క నిమిషమే అత్తయ్యా!" "అర నిమిషం కూడా కాదు!" కుట్టు ఎక్కడ తెగుతుందోనని ఇద్దరికీ భయమే, కాబట్టి ఇద్దరూ లాగీ లాగనట్టు లాగుతున్నారు.

గుమ్మంలో పెద్ద నవ్వు వినిపించింది. లాడ్జి ఆవిడ లోపలికి వచ్చేసింది. ఆవిడ భుజం మీదుగా ఏజెంటు తొంగిచూస్తున్నాడు.

"ఇంకేం చూపించక్కర్లేదమ్మా," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "మా అత్తగారు నా చేతి వంట చివరిదాకా తిట్టింది, గిన్నె మాత్రం నాకి పెట్టింది. పెద్దమ్మ వదలనిది అదే రకం కదా? నాకు అచ్చం అలాంటివే కావాలి. ధర చెప్పు."

తక్కెడ చేతుల్లో తూచి, ఒక ధర అనుకుంది. పెద్ద బేరం కదా, కొంచెం తగ్గిద్దామని నోరు తెరిచింది. అంతలో అత్తగారు మంచం దిగింది.

"ధర నేను చెప్తాను," అంది, దిండు చంకన పెట్టుకునే. చెప్పింది. తక్కెడ అనుకున్నదానికి సగం ఎక్కువ. తక్కెడకి కళ్ళు తిరిగాయి.

"అమ్మో! పెద్దమ్మా, బజార్లో ఇంతలో రెండొస్తాయి!"

"వస్తాయి. కొనుక్కుని మీ లాడ్జిలో వేసుకో. మళ్ళీ రాయుందని ఎవడో అంటే మళ్ళీ కొనుక్కో. ఈ పిల్ల గుడ్డ ఉతికి కుడుతుంది. నాలుగు మూలలూ ముందు దట్టిస్తుంది. మెడకో అర, తలకో అర. ఒక్కో వంకా నేను చెప్తే విప్పి, మళ్ళీ కుట్టింది. నోరెత్తి ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పని కోడలి దిండు ఇంకెక్కడ దొరుకుతుంది నీకు?"

బేరం కొంచెం దిగింది, బాగా దిగలేదు. లాడ్జి ఆవిడ బయానా తీసి తక్కెడ చేతిలో పెట్టి, స్కూటరెక్కింది.

అప్పటిదాకా ఒక పక్కన నిలబడ్డ ఏజెంటు గొంతు సవరించుకున్నాడు. "మరి నా గదండీ? బండివాడు ఎదురుచూస్తున్నాడు."

అత్తగారు కోడలి వైపు చూసింది. తక్కెడ బయానాలోంచి నెల అద్దె లెక్కపెట్టి ఆవిడ చేతిలో పెట్టింది. అత్తగారు మళ్ళీ లెక్కపెట్టుకుని, కొంగున ముడేసుకుంది.

"గది ఖాళీ లేదు నాయనా. చెప్పాను కదా నీతో, కోడలు అద్దె ఇచ్చుకోలేకపోతేనే అని. ఇచ్చుకుంది. మెట్ల కింద కావాలంటే చూడు."

ఏజెంటు మెట్ల కిందికి వంగి చూసి, తల తగిలించుకుని బయటికొచ్చాడు. ఆ టేబులు మళ్ళీ ఎక్కించి తీసుకెళ్ళాలంటే బండికి మళ్ళీ బాడుగ. తక్కెడ అప్పటికే టేబులు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చింది. గుడ్డ కత్తిరించడానికి సరిగ్గా సరిపోయే పొడుగు.

"బాడుగ దండగ ఎందుకండీ," అంది. "దీన్ని ఇక్కడే దింపెయ్యండి. సగం ధరకి నేను తీసుకుంటాను. ఒక దిండు కూడా ఇస్తాను, మీరు ఇవాళ బాగా అలిసిపోయారు."

ఏజెంటు దిండు పట్టుకుని వెళ్ళాడు. వీధి మలుపు తిరిగేముందు దాన్ని ఒకసారి చెంపకి ఆనించుకోవడం ఇద్దరూ చూశారు.

"అమ్మాయ్," అంది అత్తగారు లోపలికొచ్చాక. "అద్దె సంగతి అయింది. నా కూలి సంగతేంటి?"

"కూలేంటత్తయ్యా?"

"ఇన్నాళ్ళూ నీ దిండ్లకి తప్పులు చెప్పాను. పళ్ళ డాక్టరమ్మ వేరేవాళ్ళ నోరు తెరిపించి చూస్తేనే డబ్బులు తీసుకుంటోందే, నా నోరు నేనే తెరిచి చెప్తే ఊరికేనా?"

"ఇస్తాను. ఆ దిండు ఖరీదు మాత్రం మినహాయించుకుంటాను."

"అది పనికిరాని దిండు. దానికి ఖరీదేంటి?"

"పనికిరాకపోతే ఇచ్చెయ్యండి మరి."

అత్తగారు చంకలో దిండుని ఇంకొంచెం బిగించింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరు తక్కెడో ఆ క్షణంలో చెప్పడం కష్టం.

"చెల్లుకి చెల్లు," అంది అత్తగారు చివరికి. "వచ్చే నెలనుంచి మాత్రం కూలి కూలే."

అంతలో భర్త డ్యూటీ దిగి వచ్చాడు. ముందు గదిలో కొత్త టేబులు చూశాడు, ఎక్కడిదని అడగలేదు. దాని మీదికెక్కి, చేతికందిన దూది తూచే తూకం రాయి తల కింద పెట్టుకుని, పసిపాపలా నవ్వుతూ గురక మొదలుపెట్టాడు. అత్తగారు కొడుకునీ ఆ రాయినీ చూసింది. తర్వాత కోడల్ని చూసింది.

"మొదట్లో నీ దిండ్లు బాగున్నాయని చెప్పింది వీడా?"

తక్కెడ నేల చూపులు చూసింది.

"వీణ్ణి చిన్నప్పుడు హాస్టలు స్టోర్ రూములో బొగ్గుల బస్తా మీద పడుకోబెట్టి ఒక పూటంతా మరిచిపోయాను. ఏడవలేదు. నన్నొక్క మాట అడగలేకపోయావా?"

"అడిగితే చెప్పేవారా?"

అత్తగారు ఆలోచించింది. "చెప్పేదాన్ని కాదు," అని ఒప్పుకుని, దిండుతో సహా తన గది వైపు నడిచింది. గుమ్మం దగ్గర ఆగింది. వీధి తలుపు వైపు ఒకసారి చూసింది. అలవాటైన చూపే.

"ఎవరైనా వస్తే నువ్వే చూసుకో," అంది. "నన్ను లేపకు."